డెబ్బై అయిదు కిలోల కొక్కెం

యెల్మర్ పుట్టినరోజుకి వచ్చిన చుట్టాలందరూ ముందుగదిలో కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. అక్కడి ఆచారం ప్రకారం కొత్తగా వచ్చినవాళ్ళు కూర్చున్న ప్రతి ఒక్కరికీ చెయ్యిచ్చి, "మీ తమ్ముడి పుట్టినరోజుకి శుభాకాంక్షలు", "మీ అబ్బాయి పుట్టినరోజుకి శుభాకాంక్షలు" అని చెప్పడం పూర్తయ్యేసరికి మొదటి విడత కాఫీ చల్లారిపోయింది. రెండో విడత కాఫీతో గులాబీ రంగు పూత పూసిన కేకు వచ్చింది. కేకుతోపాటు కొక్కెం మాట వచ్చింది, కారు వెనక సైకిళ్ళ ర్యాకో ఇంకో బండో తగిలించే కొక్కెం.

"ఇంకా మీ బండికి కొక్కెం పెట్టించలేదట్రా?" అన్నాడు యెల్మర్ అన్న సిట్సె, మీగడ పెదవికి అంటించుకుని. "ఈ వీధిలో వెనక కొక్కెం లేని బండి మీదొక్కటే. తోక తెగిన పిల్లిలా ఉంది చూస్తే."

గుండ్రమంతా నవ్వింది. యెల్మర్ కూడా నవ్వాడు. ఎవరేమన్నా నవ్వేసే మనిషి అతను.

నవ్వనిది వాళ్ళమ్మ బౌక్యె ఒక్కతే. డెబ్బై ఆరేళ్ళ మనిషి, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని నిటారుగా కూర్చుంది. కిందటి వేసవిలో కొడుకూ కోడలూ మనవరాలూ సెలవులకి వెళ్ళినప్పుడు ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. పొడుగు బండే అయినా వెనక ఒక్క సీటు వదిలి మిగతావి మడిచి మూడు సైకిళ్ళు కుక్కేసరికి జాగా అయిపోయింది. పదేళ్ళ వెమ్కె దారి పొడుగునా ఎవరిదో పెడలు డొక్కలో గుచ్చుకుంటూ కూర్చుంది. బౌక్యె సైకిలుకి చోటు లేదు కాబట్టి బౌక్యెకీ చోటు లేకపోయింది. అక్కడికెళ్ళాక ఒక సైకిలు అద్దెకి తీసుకోవచ్చుగా అని ఎవరూ అనలేదు. ఆ కుటుంబంలో సైకిలు అద్దెకి తీసుకోమనడం పళ్ళు తోముకునే బ్రష్షు అద్దెకి తీసుకోమనడంలాంటిది.

"ఈసారి జేలాండ్ వెళ్తున్నారటగా," అంది బౌక్యె, ఎవరివైపూ చూడకుండా. "సముద్రపు గట్ల మీద తొక్కాలని నాకూ ఎప్పట్నుంచో ఉంది. నా సైకిలు వస్తే నేనూ వస్తాను. సైకిలు లేకుండా వస్తే నేను మనిషిని కాదు, సామాన్ని."

అప్పుడు నింకె నోరు తెరిచింది.

నింకె యెల్మర్ భార్య. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆ గుండ్రంలో ఆమె అన్న మాటల్లో ఎక్కువ భాగం "ఇంకొంచెం కాఫీ?" అనేదే. ఆమె చూస్తుంది, వింటుంది, గుర్తుంచుకుంటుంది. అలాంటి మనిషి కాఫీ కూజా చేత్తో పట్టుకుని, "మీ సైకిలు వస్తుంది అత్తయ్యా. కొక్కెం సంగతి నేను చూస్తాను," అనేసరికి గదిలో ఒక్క క్షణం చెంచాల చప్పుడు కూడా ఆగిపోయింది.

ఆ క్షణం తనకి ఎంత బాగుందో నింకె తరవాత చాలాసార్లు తలుచుకుంది, తలుచుకున్నప్పుడల్లా చెవులు వేడెక్కాయి.

మరుక్షణం సలహాలు మొదలయ్యాయి. సిట్సెకి కారు వెనక తగిలించి లాగే ఇంటిబండి ఉంది. ఏటా దాన్ని ఫ్రాన్సు దాకా లాక్కెళ్ళి లాక్కొస్తాడు కాబట్టి కొక్కేలన్నిటి మీదా తనకి హక్కుందనుకుంటాడు.

"స్థిరంగా బిగించేసేది పెట్టించమ్మా మరదలా. ఊడదీసే రకం పెట్టించావనుకో, కావలసిన రోజున అది ఇంట్లో ఉంటుంది, నువ్వు జేలాండ్‌లో ఉంటావు."

"స్థిరంగా ఉన్నదాని గుండు మోకాలి కింద తగుల్తుంది," అన్నారు ఇంకెవరో. "మా ఆయన కాలు చూడండి."

ఆయన ప్యాంటు పైకి లాగి చూపించాడు. అందరూ వంగి చూశారు.

ఆ వసంతమంతా నింకె కొక్కెంతోనే గడిపింది. సాయంత్రం వెమ్కె పడుకున్నాక వంటింటి బల్ల మీద బండి పుస్తకం పరుచుకుని కూర్చునేది. స్థిరంగా ఉండేది, ఊడదీసేది, బండి కిందకి తిరిగి దాక్కునేది అని మూడు రకాలు. ఊడదీసేదాన్ని ఎంచుకుంది. దీపాల తీగ తగిలించే సాకెట్టుకి పాత రకంలో ఏడు రంధ్రాలు, కొత్త రకంలో పదమూడు. సైకిళ్ళ ర్యాకుకి పదమూడు కావాలి కాబట్టి పదమూడు. తను తీసుకోబోయే ర్యాకు మూడు సైకిళ్ళది, కొక్కెం గుండు మీద కూర్చుంటుంది. వెమ్కె చిన్న సైకిలుకి బండి కప్పు మీద వేరే ర్యాకు. ఈ బండి కప్పు మీది కమ్మీలు కప్పుకి అతుక్కుని ఉంటాయి, వేళ్ళు దూరవు. వేళ్ళు దూరే కమ్మీలకి చేసిన ర్యాకు పాదాలు వీటికి పట్టవు. కప్పు మీది ర్యాకు చెయ్యి సైకిలు పై కడ్డీని పట్టుకుంటుంది, బౌక్యె సైకిలుకేమో గౌను వేసుకుని ఎక్కడానికి వీలుగా ఆ కడ్డీ కిందకి వంగి ఉంటుంది. కాబట్టి అత్తగారి సైకిలు వెనకే రావాలి.

ఇదంతా యెల్మర్‌కి చెబితే అతను నవ్వి, "నువ్వు అంతరిక్షంలోకి పంపిస్తున్నావా, జేలాండ్‌కా?" అన్నాడు.

కొక్కెం బిగించారు. నింకె రోజుకొకసారి వెళ్ళి ఆ గుండు మీది రబ్బరు టోపీ తీసి చూసుకుని మళ్ళీ పెట్టేది. పెట్టేటప్పుడు వీధిలో ఎవరైనా ఉన్నారేమో చూసేది. ఉంటే ఇంకొంచెం నెమ్మదిగా పెట్టేది.

ఇక మిగిలింది బరువు. కొక్కెం మీద తగిలించిన రేకు తొంభై కిలోలు మోస్తానంది. బండి పుస్తకం డెబ్బై అయిదే అంది. రెండు మాటలున్నప్పుడు తక్కువదే లెక్క. ర్యాకు బరువు పంతొమ్మిది. మిగిలిన యాభై ఆరులో మూడు సైకిళ్ళు ఇమడాలి.

స్నానాలగదిలోని తూకం యంత్రాన్ని నింకె షెడ్డులోకి తెచ్చింది. సైకిల్ని దాని మీద నిలబెట్టలేం కదా. సైకిలు ఎత్తి పట్టుకుని తనే ఎక్కి నిలబడింది. వచ్చినదాంట్లోంచి తన బరువు తీసేసింది. తన బరువు ఎంతో ఆమెకి తెలుసు, డెబ్బై నాలుగు. డాక్టరు దగ్గర చూసిందే. ఎప్పుడు చూసిందో ఆ సమయంలో ఆలోచించలేదు.

తనది ఇరవై మూడు. యెల్మర్‌ది ఇరవై అయిదు. అత్తగారిది ఇరవై నాలుగు. వెమ్కెది పంతొమ్మిది, పైన ర్యాకు మోయగలిగిన ఇరవైకి ఒక్క కిలో తక్కువ, ఆ ఒక్కటే ఊరట.

మళ్ళీ తూచింది. మళ్ళీ అంతే. కంపెనీవాళ్ళ వివరాలు వెతికి చూస్తే తన సైకిలు పదహారని ఉంది. ఎంత అబద్ధం, అనుకుంది నింకె. అమ్ముకోవడానికి ఎంతకైనా తెగిస్తారు! ఆ రాత్రి ఆమె ఆ కంపెనీ గురించి చాలా చెడ్డగా అనుకుంది. సాకెట్టుని అనుమానించింది, కమ్మీని అనుమానించింది, బండి పుస్తకం అచ్చువేసినవాళ్ళని అనుమానించింది, చివరికి తూకం యంత్రం కింద నేల వాలుగా ఉందేమోనని నీటిమట్టం పెట్టి కూడా చూసింది. ఆ షెడ్డులో ఆమె అనుమానించనిది ఒక్కటే ఉంది, అది యంత్రం మీద నిలబడి ఉంది.

ర్యాకుతో కలిపి తొంభై ఒకటి. పదహారు కిలోలు ఎక్కువ. మూడింట్లో ఒకటి దిగిపోవాలి.

ఆదివారం అత్తగారింటికి వెళ్ళి చెప్పింది. అంకెలు రాసిన కాగితం కూడా తీసుకెళ్ళింది. ఏది చెప్పలేకపోయినా కాగితం చూపించడం నింకె అలవాటు.

బౌక్యె కళ్ళజోడు పెట్టుకుని కాగితం చూసింది. చాలాసేపు చూసింది.

"నాది ఇరవై నాలుగా?"

"అవునత్తయ్యా."

"సరే," అంది బౌక్యె. కాగితం మడిచి తిరిగిచ్చింది. బిస్కట్ల డబ్బా తెరిచి ఒకటి పెట్టి మూత వేసింది. "మీ కుండీలకి నీళ్ళు ఎవరు పోస్తారా అని అనుకుంటూనే ఉన్నాను. నేను పోస్తాలే."

సిట్సె ఊరుకోలేదు. ఫోన్ చేశాడు.

"పదహారు కిలోలకి ఇంత గొడవేంటమ్మా? ఎవడొచ్చి తూస్తాడు? నేను ఇరవై ఏళ్ళుగా లాగుతున్నాను, ఒక్కడు తూచాడా?"

"మీ బండి వెనక ఎవరూ వెళ్ళకుండా ఉంటే బాగుణ్ణు బావగారూ," అంది నింకె. అని తనే ఆశ్చర్యపోయింది. కొక్కెం బిగించాక తన నోరు కూడా కొంచెం గట్టిపడిందనుకుంది. తన గట్టితనం చూసి లోలోపల మురిసింది కూడా. అత్తగారు రావడం లేదన్న బాధ ఒక పక్క, నియమం తప్పని మనిషినన్న సంతృప్తి ఇంకో పక్క. రెండోదే ఒక పిసరు ఎక్కువుందేమో.

ప్రయాణానికి ముందు శనివారం పొద్దున్న సిట్సె తాళ్ళూ పట్టీలూ ఇవ్వడానికి వచ్చి వంటింట్లో యెల్మర్‌తో కాఫీ తాగుతున్నాడు. షెడ్డులో నింకె ర్యాకు దీపాలు వెలుగుతున్నాయో లేదో చూస్తోంది. గుమ్మంలో బౌక్యె కనిపించింది. ఒక చేత్తో సైకిలు, సైకిలు వెనక పలక మీద కట్టిన అట్టపెట్టె.

నింకె ముందు ఆ సైకిల్ని గుర్తుపట్టలేదు. ముందు బుట్ట లేదు. పక్క సంచులు లేవు. గంట లేదు. స్టాండు లేదు. గొలుసు మీది రేకు లేదు. చక్రంలో గౌను పడకుండా ఉండే జాలీలు కూడా లేవు. ఈకలు పీకిన కోడిలా నిలబడి ఉంది.

"విప్పేశాను," అంది బౌక్యె. గోళ్ళలో గ్రీజు. "అన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి. మళ్ళీ తూచు."

"అత్తయ్యా, ఇదంతా మీరొక్కరే..."

"తూచమన్నాను. కాదు, నువ్వెత్తద్దు, నేనే ఎక్కుతాను. ఈ సైకిలు నేనెత్తగలను." యంత్రాన్ని కాలితో ముందుకి లాక్కుంది. "ముందు నన్ను ఒక్కదాన్నే చూడు. ఎంత?"

"అరవై రెండు."

"అరవై రెండు," అంది బౌక్యె, వీధికి వినబడేంత గట్టిగా, ఏమాత్రం మొహమాటం లేకుండా. తరవాత దిగి పెట్టె విప్పి కింద పెట్టింది, సైకిలు ఎత్తుకుని మళ్ళీ ఎక్కింది. "ఇప్పుడు?"

"డెబ్బై అయిదు."

"అంటే పదమూడు! ఇరవై నాలుగున్నది పదమూడయింది! చూశావా? ఆ బుట్ట ఇంత బరువని నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలియలేదు!" ఆమె మొహం వెలిగిపోయింది. "మిగతా అయిదు కిలోలూ మీ రెండు సైకిళ్ళవీ విప్పితే పోతాయి. కాఫీ తాగొస్తాను. సిట్సె వచ్చాడటగా, వాడికి చెప్పాలి."

బౌక్యె వెళ్ళాక నింకె అట్టపెట్టెని యంత్రం మీద పెట్టింది. నాలుగు కిలోలు. మళ్ళీ పెట్టింది. నాలుగే. పదమూడూ నాలుగూ పదిహేడు. తను ఇరవై నాలుగు రాసింది. మధ్యలో ఏడు కిలోలు ఎవరివో తెలియకుండా షెడ్డులో తిరుగుతున్నాయి.

నింకె షెడ్డు తలుపు వేసింది. వానకోటు తీసేసింది. బూట్లు విప్పింది. ఒక్క నిమిషం ఆలోచించి చేతిగడియారం కూడా తీసి కిటికీలో పెట్టింది. ఊపిరి వదిలేసి యంత్రం ఎక్కింది.

ఎనభై ఒకటి.

దిగింది. యంత్రాన్ని కిటికీ దగ్గరికి జరిపి మళ్ళీ ఎక్కింది. అక్కడా ఎనభై ఒకటే.

డాక్టరు దగ్గర చూసుకున్నది కిందటేడు కాదు, దానికి ముందటేడు శరత్కాలంలో. ఆ తరవాత రెండు చలికాలాలు, రెండు చలికాలాల పుట్టినరోజులు, ప్రతి పుట్టినరోజుకీ గుండ్రం, ప్రతి గుండ్రంలోనూ మీగడ పెట్టిన కేకు. కాఫీ పోసేవాళ్ళు కేకు వద్దంటే బాగుండదని ఆమె ఎప్పుడూ వద్దనలేదు. సైకిలు ఎత్తిన ప్రతిసారీ ఆ ఏడు కిలోల్నీ సైకిలు ఖాతాలో వేసింది. నీటిమట్టం పెట్టి చూసిన మహానుభావురాలు! కంపెనీవాళ్ళని తిట్టిన నిజాయితీపరురాలు! నింకె అట్టపెట్టె పక్కనే నేలమీద కూర్చుండిపోయింది. నవ్వొచ్చింది, కానీ పూర్తిగా రాలేదు.

లెక్క మళ్ళీ వేసింది. పదహారు, పద్దెనిమిది, పదిహేడు, ర్యాకు పంతొమ్మిది. డెబ్బై. అన్నీ బిగించి ఉన్నా అత్తగారి సైకిలు మొదటి రోజు నుంచే పట్టేది.

ఎవరికీ చెప్పక్కర్లేదు. అత్తయ్య సంతోషంగా ఉంది, బుట్టే నేరస్థురాలని నమ్మింది, జేలాండ్ వస్తోంది. ఏడు కిలోలు షెడ్డులోనే ఉండిపోతాయి. వంటింట్లోనేమో సిట్సె ఉన్నాడు. సిట్సెకి చెప్పడమంటే సాయంత్రానికి వంశమంతటికీ చెప్పడమే.

పెట్టె పైన జాలీలు రెండూ ఉన్నాయి. బౌక్యె ఎప్పుడూ పొడుగు గౌనే వేసుకుంటుంది. సముద్రపు గట్టు మీద గాలి ఎలా ఉంటుందో నింకెకి తెలుసు. ఆ గాలిలో గౌను అంచు ఉత్త చక్రం చువ్వల వైపు ఎలా ఎగురుతుందో కళ్ళకి కట్టింది.

బూట్లు తొడుక్కుంది. గడియారం మర్చిపోయింది.

వంటింట్లో బౌక్యె పదమూడు కిలోల కథ చెప్పడం రెండోసారికి వచ్చింది.

"అత్తయ్యా," అంది నింకె గుమ్మంలోంచి. "అవన్నీ మళ్ళీ బిగించేద్దాం."

"ఎందుకే? ఇప్పుడే కదా తగ్గింది!"

"బిగించినా సరిపోతుంది. మొదటే సరిపోయేది. నేను తప్పు లెక్క వేశాను."

"నువ్వా?" అన్నాడు యెల్మర్. అతను మొదటిసారి నవ్వడం మర్చిపోయాడు.

"నా బరువు తీసేయాలి కదా, ఎంతుందో చూసుకోకుండా తీసేశాను. నేననుకున్న దానికంటే ఏడు కిలోలు ఎక్కువున్నాను. ఆ ఏడూ సైకిళ్ళ మీద పడ్డాయి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు అర్థమైంది సిట్సెకే. కప్పు కింద పెట్టేశాడు, లేకపోతే ఒలికిపోయేది.

"అంటే... అంటే మూడు సైకిళ్ళ మీదా నువ్వే ఎక్కి కూర్చున్నావన్నమాట!"

"నాలుగు," అంది నింకె. "వెమ్కె సైకిలు మీద కూడా."

సిట్సె బల్ల మీద కొట్టి కొట్టి నవ్వాడు. "కొక్కేనికి ఎంత పడుతుంది, సాకెట్టుకి ఎన్ని రంధ్రాలు, కమ్మీకి వేలు దూరుతుందా... అమ్మా! ఫోను ఎక్కడ నాది?"

బౌక్యె నవ్వలేదు. కాఫీ కప్పులోకి చూస్తోంది.

"అయితే అది నిజంగా లెక్కేనా?" అంది.

"ఏదత్తయ్యా?"

"నా సైకిలు పట్టదన్నది." ఆమె గొంతు నెమ్మదిగా ఉంది. "నేను వంక అనుకున్నాను. ముసలిదాన్ని వెంటేసుకుని తిరగడం ఎవరికి ఇష్టం? నువ్వు మొహమ్మీద చెప్పే మనిషివి కావు. కాగితమ్మీద రాసి తెచ్చావనుకున్నాను."

సిట్సె నవ్వు సగంలో ఆగింది. నింకెకి ఆ కాగితం మడిచి ఇచ్చిన చేతులు గుర్తొచ్చాయి. తన గట్టితనం చూసి తను మురిసిపోయిన రోజులన్నీ ఆ ఇంట్లో ఈ మనిషి ఇదనుకుంటూ కూర్చుంది.

"మరి... అన్నీ విప్పుకుని ఎందుకొచ్చారు?"

"చూద్దామని. కిలోలు సరిపోయాక ఇంకేం చెబుతావో చూద్దామని."

నింకెకి చూపించడానికి కాగితం లేదు. నోటితోనే చెప్పాల్సొచ్చింది.

"వంక కాదత్తయ్యా. నేను కేకు తిన్నాను. అంతే."

బౌక్యె తలెత్తింది. కోడల్ని కింది నుంచి పైకి, పై నుంచి కిందకి తూకం వేసినట్టు చూసింది.

"ఎంత?"

"ఏడు కిలోలు."

"ఎక్కువ సంగతి కాదు. మొత్తం ఎంత?"

"ఎనభై ఒకటి," అంది నింకె, కాఫీ అడిగే గొంతుతో.

"వినబడలేదు."

"ఎనభై ఒకటి!"

పక్కింటి కుక్క మొరిగింది. సిట్సె ఏదో అనబోయాడు.

"నువ్వు నోరు మూసుకుని ఆ పట్టీలు బండిలో పెట్రా," అంది బౌక్యె లేస్తూ. "నువ్వు తూకం ఎక్కి ఎన్నేళ్ళయిందో నన్ను చెప్పమంటావా?"

ఇద్దరాడవాళ్ళూ షెడ్డుకి వెళ్ళారు. సైకిల్ని తలకిందులు చేశారు. బౌక్యె జాలీని పట్టుకుంది, నింకె మర బిగించింది. మర చిన్నది, రెండుసార్లు నేలమీద పడింది, రెండుసార్లూ ఇద్దరూ ఒకేసారి వంగి వెతికారు.

"బండి మొత్తం ఎంత మోయాలో కూడా ఆ పుస్తకంలో ఉంటుందటగా," అంది బౌక్యె. "మనుషులతో సహా."

"ఉందత్తయ్యా. చూశాను."

"నాది ఎంత వేశావు?"

"ఇంకా వెయ్యలేదు. అరవై రెండు వేస్తాను."

"నీది?"

నింకె రెండో జాలీ అందుకుని చక్రానికి ఆనించింది.

"ఇవాళ్టిదే," అంది. "ఇటు పట్టుకోండి, జారిపోతోంది."